సున్నం ఉన్న నేలకే మళ్ళీ సున్నమా?

తొలకరి పడగానే మా కాలనీలోకి మొక్కల బండ్లు వస్తాయి. నూరువరహాలు, మందారం, గులాబీ, కరివేపాకు... ఏదో ఒకటి కొనని ఇల్లుండదు. దసరా నాటికి వాటిలో సగం మొక్కల కొత్తాకులు పాలిపోతాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగమంతా పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఆకు తుంచుకుని నా దగ్గరికొస్తారు. "ఆంటీ, దీనికేం మందు కొట్టమంటారు?" అని అడుగుతారు. "ముందు గుప్పెడు మట్టి తీసుకురా నాయనా" అంటాను.

నేను కృష్ణా డెల్టాలో ఒక భూసార పరీక్షా కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. శాస్త్రవేత్తను కాను. రైతులు సంచుల్లో కట్టి తెచ్చిన మట్టిని ఆరబెట్టి, గడ్డలు చిదిమి, జల్లించి, నీళ్ళలో కలిపి, మీటరులో వచ్చిన అంకెను కాగితం మీద రాసిచ్చేదాన్ని. ఇప్పుడు హైదరాబాదులో పిల్లల దగ్గర ఉంటున్నా ఆ అలవాటు పోలేదు. ఇన్నేళ్ళ పనిలో నాకు ఖాయంగా తేలింది ఒకటే: మన మైదానాల పెరళ్ళలో మొక్కను ఇబ్బంది పెట్టేది ఎక్కువసార్లు పులుపు కాదు, సున్నం. మరి మనం చేస్తున్నదేమిటి? ఎక్కడో వానలు దండిగా కురిసే దేశాలవాళ్ళు చెప్పిన చిట్కాలు విని, ఉన్న సున్నం చాలదన్నట్టు గుడ్డు పెంకులు, కట్టెల బూడిద తెచ్చి మొదట్లో పోస్తున్నాం.

ఒక్క అంకెలో ఏముంది?

మట్టి పులుపో క్షారమో చెప్పే కొలతను పీహెచ్ అంటారు. మన వ్యవసాయ పుస్తకాల్లో ఉదజని సూచిక అని రాస్తారు. 1909లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్సెన్ ఈ కొలతను తెచ్చాడు. దాన్ని సులువుగా చూపించే ఎలక్ట్రానిక్ మీటరును 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ తయారుచేశాడు. కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవలేక తంటాలు పడుతున్న స్నేహితుడొకరు అడిగితే చేసిన పని అది. బీరు కోసం, నిమ్మరసం కోసం పుట్టిన కొలత ఈ రోజు రైతు చేతిలోని భూసార కార్డు మీదికి చేరింది.

లెక్క ఇలా ఉంటుంది. 7 అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు. దానికి కిందికి పోయేకొద్దీ ఆమ్లం, పైకి పోయేకొద్దీ క్షారం. అయితే ఇవి మామూలు మెట్లు కావు. ఒక్కో అంకెకు తేడా పదింతలు. 6 ఉన్న మట్టి కన్నా 5 ఉన్న మట్టి పది రెట్లు పుల్లన, 4 ఉన్నది వంద రెట్లు. అందుకే 7.2కీ 8.2కీ ఎంతలే అనుకోకూడదు.

ఈ అంకెతో మొక్కకేం పని? ఎరువు మట్టిలో ఉన్నంత మాత్రాన వేరుకు అందదు. నీళ్ళలో కరగాలి. పీహెచ్ 6 నుంచి 7 దాకా ఉంటే దాదాపు అన్ని పోషకాలూ అందుబాటులో ఉంటాయి. టమాటా, వంగ, బెండ, మిరప, గులాబీ అన్నీ అక్కడ హాయిగా పెరుగుతాయి. 7.5 దాటాక ఇనుము, జింకు, మాంగనీసు కరగకుండా బిగుసుకుంటాయి. భాస్వరాన్ని కాల్షియం పట్టేసుకుంటుంది. ఇటు 5.5కి దిగితే అల్యూమినియం కరిగి వేళ్ళ కొసలను దెబ్బతీస్తుంది, భాస్వరం ఇనుముతో, అల్యూమినియంతో ముడిపడిపోతుంది. మొదట్లో చెప్పిన పాలిపోయిన ఆకుల సంగతి ఇదే. ఆ మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్నది మొక్క నోటికి అందక.

మన నేలలు ఎటువైపు?

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగళ్ళలో సున్నం పాలు ఎక్కువ. అక్కడ పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య కనిపించడం మామూలు. తవ్వితే తెల్లటి సున్నపు గుళ్ళు చేతికి తగులుతుంటాయి. తెలంగాణ చల్కా నేలలు, రాయలసీమ ఎర్రనేలలు చాలాచోట్ల తటస్థానికి అటూ ఇటూగా ఉంటాయి. వానలు ఎక్కువ కురిసే అరకు, పాడేరు కొండల్లోనూ, జహీరాబాద్ వైపు జేగురు రంగు నేలల్లోనూ పులుపు కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి కురిసిన వాన సున్నాన్నీ ఇతర లవణాలనూ కడిగేస్తే మిగిలేది పులుపే. వాన తక్కువైనచోట అవి నేలలోనే ఉండిపోతాయి. కాఫీ తోటలు కొండకెక్కడంలో ఎత్తు, చల్లదనం, నీడలతోపాటు ఈ మట్టికీ పాలుంది.

ఇక చౌడు. రైతులు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. ఎండాకాలంలో నేలమీద తెల్లటి ఉప్పు పొర తేలితే పాల చౌడు. నీళ్ళు ఇంకక నిలబడి, ఆరాక పైన నల్లటి జిడ్డు మరకలు కడితే కారు చౌడు. పూర్వం బట్టల మురికి వదలడానికి చౌడు మట్టి వాడేవారంటే దానిలో క్షారం ఎంతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడే మీటరు అంకెను చదవడం తెలియాలి. సున్నం ఒక్కటే కారణమైతే పీహెచ్ సాధారణంగా 8.4 దగ్గర ఆగిపోతుంది. 8.5 దాటి 9 వైపు పోయిందంటే సోడియం చేరిందని అనుమానించాలి. రెండూ క్షారమే, కానీ వైద్యం వేరు.

పట్నం ఇళ్ళలో ఇంకో తంటా ఉంది. పునాదులు తవ్వినప్పుడు పైకొచ్చిన మొరం, గోడ కట్టినప్పుడు రాలిన సిమెంటు, సున్నం కొట్టినప్పుడు కారిన చుక్కలు, అన్నీ పెరట్లోనే పూడుస్తారు. సిమెంటు గట్టిపడేటప్పుడు తడిసున్నం విడుదలవుతుంది. గోడ వార మట్టికీ నాలుగడుగుల అవతలి మట్టికీ అంకెలో తేడా రావడానికి అది చాలు. మనవాళ్ళేమో మొక్కలన్నీ గోడ వారనే పెడతారు.

మట్టి తీయడంలోనే సగం పరీక్ష

మీటరు ఎంత ఖరీదైనదైనా దానిలో ముంచిన మట్టి గురించే చెబుతుంది. మట్టి సరిగా తీయకపోతే పరీక్ష చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే. మా కేంద్రానికి కొందరు గట్టు మీది మట్టి తెచ్చేవారు, కొందరు యూరియా సంచిలో కట్టుకొచ్చేవారు. రెండింటినీ వెనక్కి పంపేదాన్ని.

చిన్న పెరడైతే ఐదారు చోట్ల, ఎకరాల చేనైతే ఎనిమిది పది చోట్ల వంకరటింకరగా నడుస్తూ తీయాలి. పైనున్న ఆకూ అలమూ పక్కకు నెట్టి, ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో ఆరంగుళాల గుంత తవ్వాలి. లోపలి మట్టి పడేసి, గుంత పక్కగోడ నుంచి పైనుంచి కిందిదాకా అంగుళం మందాన పలకలాగా చెక్కాలి. అన్నిచోట్ల మట్టినీ ప్లాస్టిక్ బకెట్లో వేసి కలపాలి. కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండే ఉంచుకుని మిగతావి తీసేయాలి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేయాలి. తర్వాత కాగితం మీద నీడలో ఆరబెట్టాలి.

పేడకుప్ప పక్కన, చెట్టు మొదట్లో, ఈమధ్యే ఎరువు వేసినచోట తీయకూడదు. ముందు పెరడు, వెనక పెరడు వేరుగా కనిపిస్తుంటే రెండు సంచులు కట్టాలి. మామిడి, బత్తాయి లాంటి చెట్లు పెట్టదలిస్తే మూడడుగుల గుంత తీసి అడుగడుక్కీ విడిగా నమూనా తీయాలి. వేరు ఆరంగుళాల దగ్గర ఆగదు గదా.

మంచి అదను ఎండాకాలం. ఏప్రిల్, మేలలో నేల ఖాళీగా, పొడిగా ఉంటుంది. మృగశిర లోపు ఫలితం చేతికొస్తే, చేయాల్సింది చేయడానికి కాస్త సమయం దొరుకుతుంది.

ఇంట్లో చూసుకోవాలంటే

పెన్నులాంటి డిజిటల్ మీటర్లు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి. దాంతోపాటు వచ్చే పొడి పొట్లాలను చాలామంది అవతల పారేస్తారు. మీటరుకు ప్రాణం అవే. పొట్లం మీద రాసినంత డిస్టిల్డ్ వాటర్‌లో పొడి కలిపితే పీహెచ్ ఖచ్చితంగా తెలిసిన ద్రావణం తయారవుతుంది. అందులో ముంచి మీటరును సరిచేసుకోవాలి. ఆ పొట్లాలు సాధారణంగా 4.00, 6.86, 9.18 అని ఉంటాయి. మన మైదాన నేలలకు తటస్థం దగ్గరిది, క్షారం వైపుది, ఈ రెండింటితో సరిచూసుకుంటే నయం.

తర్వాత ఆరిన మట్టిని సన్నగా జల్లించి 20 గ్రాములు తూచి, గాజు గ్లాసులో వేసి 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఒకటికి రెండున్నర. మన దేశంలో ప్రయోగశాలలు వాడే పాళ్ళు ఇవే. అరగంటపాటు మధ్యమధ్యలో కలుపుతూ ఉండి, చివర మరోసారి కలిపి మీటరు ముంచాలి. అంకె కదలడం ఆగాక రాసుకోవాలి. కుళాయి నీళ్ళు వాడితే మట్టి పీహెచ్ బదులు కుళాయి పీహెచ్ తెలుస్తుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చవకే. అదే కొట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు కాబట్టి సీసా మీద పేరు చదివి తీసుకోండి.

మట్టిలో గుచ్చితే ముల్లు తిరిగే, బ్యాటరీ లేని చవక మీటర్లను నేను నమ్మను. తడిని బట్టి, ఎంత బిగువుగా గుచ్చామన్నదాన్ని బట్టి ముల్లు మారుతుంది. పొడి మట్టిలో గుచ్చితే ఎప్పుడూ 7 దగ్గరే ఉండి మనల్ని సంతోషపెడుతుంది.

వంటింటి పరీక్షల సంగతి. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడటం దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. అది పీహెచ్ పరీక్షే. కాకపోతే క్షారం గట్టిగా ఉంటేనే పసుపు రంగు మారుతుంది, 7.6 మట్టిని పట్టివ్వదు. ఎర్ర మందారం రేకులు మరిగించిన నీళ్ళు పులుపు తగిలితే గులాబీ ఎరుపుగా, క్షారం తగిలితే ఆకుపచ్చగా తిరుగుతాయి. పిల్లలకు చూపించడానికి బాగుంటుంది, మొక్క ఎంచుకోవడానికి చాలదు. వీటికన్నా పనికొచ్చేది ఇంకొకటుంది. చెంచాడు పొడి మట్టి మీద వెనిగర్ చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోండి. చిటచిటమని బుడగలొస్తే మట్టిలో సున్నం ఉన్నట్టే. ఈ ఒక్కటి చూసినా గుడ్డు పెంకుల డబ్బా పక్కన పెట్టేస్తారు. బాత్రూం కడిగే యాసిడ్‌తో మాత్రం ఈ పని చేయకండి.

ఇల్లు కదలకుండా తెలిసేది ఇంతవరకే. పూర్తి సంగతి కావాలంటే భూసార పరీక్షా కేంద్రానికో దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో మట్టి పంపాలి. 2015 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సాయిల్ హెల్త్ కార్డులో పీహెచ్‌తోపాటు లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, మరో ఐదు సూక్ష్మ పోషకాలు కలిపి 12 అంశాలుంటాయి. అందులో ఈసీ అని రాసే లవణాల అంకెను తప్పక చూడండి. 1 లోపుంటే చింత లేదు. పీహెచ్ మామూలుగా ఉండి ఈసీ ఎక్కువుంటే అది పాల చౌడు. పీహెచ్ ఒక్కటే చూసుకుని మురిసిపోతే దాన్ని కనిపెట్టలేరు.

అంకె తెలిసింది, ఇప్పుడేం చేయాలి?

5.5 కన్నా తక్కువొస్తే వ్యవసాయ సున్నం వేయాలి. ఎంతన్నది పీహెచ్ ఒక్కటే చెప్పదు, బంకమట్టికి ఎక్కువ, ఇసుక నేలకు తక్కువ పడుతుంది. మోతాదు కేంద్రంవాళ్ళనే అడగాలి. బూడిద, గుడ్డు పెంకులు పనికొచ్చేది ఇలాంటిచోటే.

7.5 నుంచి 8.4 దాకా వచ్చి వెనిగర్‌కు బుడగలొస్తే, ఆ నేలను పుల్లగా మార్చాలన్న పంతం వదిలేయండి. చిన్న లెక్క చెబుతాను. 100 కిలోల మట్టిలో ఒక కిలో సున్నం ఉందనుకోండి, అంటే నూటికి ఒక్క పాలు. దాన్ని పూర్తిగా కరిగించడానికి దాదాపు 320 గ్రాముల గంధకం కావాలి. చదరపు మీటరు చోటులో ఆరంగుళాల లోతు మట్టే దాదాపు 200 కిలోలుంటుంది. రేగళ్ళలో సున్నం నూటికి ఒక్క పాలుతో ఆగదు కూడా. పైగా గంధకం వేసిన రోజే పనిచేయదు. నేలలోని సూక్ష్మజీవులు తడిలో, వెచ్చదనంలో నెమ్మదిగా దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. అందుకు నెలలు పడుతుంది.

కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోయడం మన ఇళ్ళలో పాత అలవాటు. తప్పు పట్టను. పల్చటి మజ్జిగ లీటరులో ఉండే పులుపు కొద్ది గ్రాముల సున్నాన్ని మాత్రమే విరుస్తుంది. సున్నం లేని చిన్న కుండీలో కాస్త తేడా చూపిస్తుందేమోగానీ, రేగడి పెరట్లో పోస్తే గంగాళం పప్పులో చింతపండు రెబ్బ వేసినట్టే. నేల తన పీహెచ్‌ను అంత తేలిగ్గా వదులుకోదు.

మరి మార్గం? ఒకటి, నేలకు తగ్గ మొక్క. పాలకూర, బీట్‌రూట్, మునగ, ఉసిరి, రేగు, జామ, సపోటా, దానిమ్మ కాస్త క్షారాన్ని ఓర్చుకుంటాయి. నూరువరహాలు, మందారం, నిమ్మ, బత్తాయి సున్నపు నేలల్లో పాలిపోతాయి. రెండు, ఇష్టమైన మొక్కకు వేరే ఇల్లు. నూరువరహాలు కావాలంటే పెద్ద కుండీలో కొబ్బరి పొట్టు, కంపోస్టు, సున్నం లేని ఎర్రమట్టి కలిపి పెట్టుకోండి. మూడు, అప్పటికే పాలిపోయిన మొక్కకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయాలి. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే కొత్తాకు పచ్చగా వస్తుంది. ఇది తాత్కాలిక వైద్యమే. ఏటా పశువుల ఎరువు, కంపోస్టు వేస్తుంటే నేల మెల్లగా మెత్తబడుతుంది.

8.5 దాటి సోడియం ఉందని తేలితే జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని ఊడదీస్తుంది. ఊడిన సోడియం బయటికి పోయేలా మంచినీళ్ళు పెట్టి కిందికి దింపాలి, మురుగు కాల్వ ఉండాలి. ఆ దారి లేకపోతే జిప్సం వేసిన ఫలితం దక్కదు. తర్వాత జీలుగ చల్లి, పూత దశలో నేలలో కలియదున్నాలి. పాల చౌడుకు జిప్సంతో పని లేదు, మంచినీళ్ళతో ఉప్పు కడిగితే చాలు. సోడియం లేని మామూలు సున్నపు నేలలో జిప్సం వేసి పీహెచ్ తగ్గుతుందని ఎదురుచూడటం వృథా. దుకాణంలో మాత్రం ఈ మూడు నేలలకూ ఒకే సంచి అమ్ముతారు.

ఇంకొక్కటి మరవకండి, నీళ్ళు. బోరు నీళ్ళలో కరిగున్న బైకార్బనేట్లు కుండీ మట్టిని ఏడాదికేడాది క్షారం వైపు లాగుతాయి. తాజాగా నింపిన కుండీ బాగుండి, రెండేళ్ళకు మొక్క పాలిపోతే బోరు నీళ్ళను అనుమానించండి. కుండీ అంచున తెల్లటి పొర కనబడితే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. వాన నీళ్ళు పట్టిపోయగలిగితే అంతకన్నా మందు లేదు.

చిట్కాకూ ఊరుంటుంది

సున్నం వేయమన్న మాట అబద్ధం కాదు, అది వేరే ఊరి మాట. అమెరికాలో న్యూజెర్సీ వైపు వానలెక్కువ, నేలలు చాలావరకు పులుపు. అక్కడ ఉండే మనవాళ్ళు పెరట్లో సున్నం వేయడం సబబే. అదే డాలస్, ఫ్రిస్కో వైపు ఇల్లు కొన్నవాళ్ళకు దొరికేది టెక్సస్ నల్లమట్టి. తడిస్తే ఉబ్బి, ఎండితే పగుళ్ళిచ్చే, కింద సుద్ద ఉన్న క్షార నేల. మన రేగడికి దగ్గరి చుట్టమే, శాస్త్రం రెండింటినీ వర్టిసోల్ అనే ఒకే తరగతిలో పెట్టింది. న్యూజెర్సీ వదిన చెప్పిన సలహా డాలస్ మరదలికి పనికిరాదు. అక్కడ రట్గర్స్, టెక్సస్ ఏ అండ్ ఎం లాంటి విశ్వవిద్యాలయాలు మట్టి పరీక్షలు చేసిపెడతాయి. సలహా అడిగేముందు మట్టిని పోస్టులో పంపొచ్చు.

ఈ వేసవిలో మొక్కల బండి వచ్చేలోపు అరకిలో మట్టి తీసి పరీక్షకు పంపండి. మూడేళ్ళకోసారి చేయిస్తే సరిపోతుంది. కొత్త మట్టి తోలించినా, బోరు మారినా మాత్రం మళ్ళీ చేయించాలి. ఫలితం చేతికొచ్చేదాకా సున్నం, బూడిద, జిప్సం, గంధకం ఏదీ నేలలో వేయకండి. వేసిన సున్నాన్ని తిరిగి తీయడం ఎవరివల్లా కాదు.